చెక్కుకి బొట్టు పెట్టాం, ఫారం మర్చిపోయాం

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి మీరు వేసిన ప్రవాసుల పేజీ చూశాను. ముగ్గులు, పట్టుచీరలు, కమ్యూనిటీ హాల్లో పెట్టిన బొమ్మల కొలువు, అన్నీ బాగున్నాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో మీ ఈ-పేపర్ తిరగేయడం నాకు చాలా ఏళ్ల అలవాటు. వీసాల గురించి చీమ చిటుక్కుమన్నా మొదటి పేజీలో వేస్తారు. జనవరి నెలాఖరుకి ఇక్కడ ఇంటింటి పోస్టు డబ్బాలో పడే ట్యాక్స్ కవర్ల గురించి మాత్రం ఒక్క ముక్క రాయరు. అందులోనూ ఉద్యోగం మారినవాళ్లకి వచ్చే కవర్ల గురించి. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉందనిపిస్తే కత్తిరించుకోండి, అంకెల జోలికి మాత్రం వెళ్లకండి.

మాది తణుకు. ఇప్పుడు ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. 2023 మే 19, శుక్రవారం, మధ్యాహ్నం అన్నం తింటూండగా ఒక పావుగంట మీటింగ్ పెట్టి నా ఉద్యోగం తీసేశారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి అక్కడినుంచి 60 రోజుల గడువు. జూలై 10న కొత్త కంపెనీలో చేరాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే అది 52వ రోజు. ఆ 52 రోజుల్లో నా బుర్రలో వీసా తప్ప ఇంకోటి లేదు. పాత కంపెనీలో నా పేర రెండు ఖాతాలు ఉండిపోయాయన్న సంగతి ఆగస్టులో గాని గుర్తు రాలేదు. ఒకటి 401(కె), అంటే రిటైర్మెంటు కోసం జీతంలోంచి కోసి దాచేది. రెండోది హెచ్‌ఎస్‌ఏ, అంటే పెద్ద డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడానికి ముందు మనం జేబులోంచి పెట్టుకోవాల్సిన సొమ్ము) ఉన్న ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లు వైద్యం ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునేది.

ఇండియాలో వాళ్లకి అర్థమవడానికి ఒక మాట. మన పీఎఫ్‌కి యూఏఎన్ అని ఒక నంబరు ఉంటుంది. నాలుగు కంపెనీలు మారినా నంబరు ఒకటే. ఇక్కడ అలాంటి తాడు లేదు. ఏ కంపెనీ 401(కె) ఆ కంపెనీదే. వదిలేస్తే అక్కడే పడి ఉంటుంది. 7,000 డాలర్ల లోపు ఉంటే మనల్ని అడక్కుండానే వేరే ఐఆర్ఏ (కంపెనీతో సంబంధం లేని సొంత రిటైర్మెంటు ఖాతా) లోకి తోసేయొచ్చు, 1,000 లోపైతే చెక్కు రాసి పాత అడ్రసుకి పంపేయొచ్చు. ఇలా ఎక్కడెక్కడో ఉండిపోయిన ఖాతాలు వెతుక్కోడానికి 2024 చివర్లో ఇక్కడి కార్మిక శాఖ ఒక వెబ్‌సైట్ పెట్టింది. ఎంతమంది మర్చిపోతే పెట్టి ఉంటారో ఆలోచించండి.

నేను 401(కె)ని కొత్త కంపెనీ ప్లాన్‌లోకి మార్చమని పాత వాళ్లకి ఫోన్ చేశాను. డబ్బు నేరుగా అక్కడికే వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. ఆగస్టు మూడో వారంలో కిరాణా షాపుల కూపన్ల మధ్యలోంచి ఒక పల్చటి కవరు బయటపడింది. అందులో 61,418 డాలర్ల చెక్కు. కొత్త ప్లాన్ ట్రస్టీ, అంటే ఆ ప్లాన్ డబ్బు చూసుకునే సంస్థ, పేరు రాసి, దాని కింద 'ఫలానా వారి ప్రయోజనార్థం' అని నా పేరు. నేను చూసేసరికే దాన్ని మా అత్తయ్యగారు చూశారు. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది కదా, నిజ శ్రావణంలో ఆగస్టు 25న వరలక్ష్మీ వ్రతం. తణుకు నుంచి ఆవిడ వచ్చి ఉన్నారు. చెక్కు మీద అంకె చూసి, అది మనం ఖర్చు పెట్టుకునే డబ్బు కాదని ఎంత చెప్పినా వినకుండా, కలశం పక్కన బియ్యంలో నిలబెట్టి, కుడి పక్క మూల కుంకుమ బొట్టు పెట్టారు. మావారికి ఒకటే టెన్షన్, బొట్టున్న చెక్కు మెషీన్ చదువుతుందా అని. సోమవారం అలాగే, బొట్టుతోనే, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. చక్కగా జమయింది.

ఆ చెక్కు నా చేతికొచ్చినా నేరుగా మార్చినట్టే లెక్క. ఎందుకంటే అది నా పేర లేదు, ట్రస్టీ పేర ఉంది. తేడా అంతా అక్కడే. నాతోపాటు ఉద్యోగం పోయిన గుంటూరు అబ్బాయి ఒకడున్నాడు. వాడు ఫోన్లో తొందరపడి 'నా పేరనే పంపండి' అన్నాడు. వాడి ఖాతాలో 18,000 ఉంటే వాడికి వచ్చింది 14,400. మన పేర చెక్కు రాస్తే 20 శాతం పన్ను కింద పట్టుకుని తీరాలి, అది చట్టం. 60 రోజుల్లోగా ఐఆర్ఏలో వేస్తే పన్నుండదని ఎవరో చెప్పారు, వాడు బుద్ధిగా ఆ 14,400 వేశాడు. వేయాల్సింది 18,000. పట్టుకున్న 3,600 కూడా జేబులోంచి కలిపి వేసుంటే ఆ పట్టుకున్నది రిటర్నులో వెనక్కొచ్చేది. ఉద్యోగం లేనివాడికి 3,600 ఎక్కడినుంచి వస్తాయి? దాంతో ఆ 3,600 ఖర్చు పెట్టుకున్నట్టే లెక్కగట్టి, దాని మీద ఆదాయపు పన్ను వేశారు. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండలేదు కాబట్టి ఇంకో 10 శాతం, 360 డాలర్లు. పాపం వాడి నెత్తి మీద వీసా గడువూ 60 రోజులే, చెక్కు గడువూ 60 రోజులే.

నా 401(కె) కథ అక్కడితో ముగిసింది. మరుసటి జనవరిలో 1099-ఆర్ అనే కాగితం, రిటైర్మెంటు ఖాతాలోంచి ఎంత బయటికొచ్చిందో చెప్పేది, ఇంటికొచ్చింది. ఒకటో గడిలో మొత్తం సొమ్ము, 2ఏ గడిలో సున్నా, ఏడో గడిలో 'జి' అనే ఒకే అక్షరం. నేరుగా మార్చారు, పన్ను లేదు అని ఆ అక్షరానికి అర్థం. అయినా రిటర్నులో 5ఏ లైన్లో మొత్తం చూపించి, 5బీలో సున్నా వేసి, పక్కన 'రోలోవర్' అని రాయాల్సి ఉండేది. కాగితం చేతిలో ఉంది కాబట్టి ఆ పని జరిగింది.

హెచ్‌ఎస్‌ఏ కాగితం చేతికి రాలేదు. దానికి నేను పెట్టుకున్నది పాత కంపెనీ ఈమెయిల్. పేపర్ వద్దు, మెయిల్లోనే పంపండి అని ఎప్పుడో టిక్కు పెట్టినదాన్నీ నేనే. ఉద్యోగం పోయిన రోజు సాయంత్రానికే ఆ మెయిల్ మూతపడింది. లాగిన్ అవుదామంటే కోడ్ ఆ మెయిల్‌కే వెళ్తుంది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకోవడం అంటే ఇదే. ఖాతాలో డబ్బు నాదే, ఎటూ పోదు, అని ఊరుకున్నాను. పోలేదు కూడా, కంపెనీ కట్టడం మానేశాక నెలనెలా నిర్వహణ రుసుం కింద కొంచెం కొంచెం తరగడం తప్ప.

ఆ ఖాతాలోంచి ఆ ఏడాది మేం వాడింది 1,840 డాలర్లు. మావారి రూట్ కెనాల్, పిల్లాడి కళ్లజోడు. రెండూ న్యాయమైన వైద్యం ఖర్చులే. మరుసటి ఏడాది మార్చిలో మేం ఎప్పుడూ వెళ్లే ఆయన దగ్గరికి ట్యాక్స్ ఫైలింగ్‌కి వెళ్లాం. మన తెలుగాయనే, పేరు చెప్పను. 180 డాలర్లు తీసుకుంటాడు, వెళ్తే టీ కూడా ఇస్తాడు. 'హెచ్‌ఎస్‌ఏ కార్డు వాడాం, దానికేమైనా ఉందా' అని నేను అడిగాను. ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. 'డాక్టరు ఖర్చులే కదమ్మా, దానికి ట్యాక్స్ లేదు. చూపించక్కర్లేదు.'

మొదటి వాక్యం నిజం. రెండోది అబద్ధం. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న సందు గురించి.

2025 మార్చి చివర్లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి లావుపాటి కవరు వచ్చింది. సీపీ2000 అంటారు. బ్యాంకులు, కంపెనీలు మన గురించి పంపిన కాగితాలకీ, మన రిటర్నుకీ పొంతన కుదరనప్పుడు వచ్చే ఉత్తరం. హెచ్‌ఎస్‌ఏ బ్యాంకు వాళ్లకి 1099-ఎస్ఏ, అంటే ఆ ఏడాది ఖాతాలోంచి ఎంత తీశామో చెప్పే కాగితం, పంపింది. అందులో 1,840 ఉంది. నా రిటర్నులో దాని ఊసు లేదు. అది దేనికి ఖర్చయిందో వాళ్లకి ఎలా తెలుస్తుంది? రూట్ కెనాలా, టీవీయా? చెప్పనప్పుడు మొత్తం ఆదాయమే అనుకున్నారు. మాకు పడే 22 శాతం చొప్పున 404 డాలర్ల 80 సెంట్లు, వైద్యానికి కానిది తీస్తే పడే అదనపు 20 శాతం కింద 368, మొత్తం 772 డాలర్ల 80 సెంట్లు, పైన వడ్డీ. వాళ్ల తప్పేమీ లేదు. చెప్పాల్సింది మేం చెప్పలేదు.

ఆ రాత్రి మావారు డబ్బు కట్టేద్దామన్నారు. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ అని. ఇలా కట్టేసిన వాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు. సీపీ2000 బిల్లు కాదు. 'మా లెక్క ఇది, మీరేమంటారు' అని అడగడం. ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడం లేదు అని రెండు గడులుంటాయి. జవాబివ్వాల్సిన తేదీ ఉత్తరం మీదే వేస్తారు, మామూలుగా 30 రోజులు. ఆ తేదీ దాటనివ్వకూడదు, అంతే.

మా వాట్సాప్ గ్రూపులో అడిగితే పదకొండు జవాబులొచ్చాయి. తొమ్మిది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. ఒకాయన ఏకంగా 'ఇండియా వెళ్లిపోతే ఏం చేస్తారు' అన్నాడు. చివరికి నేనే కూర్చుని హెచ్‌ఎస్‌ఏ లెక్కలు చూపించే 8889 అనే ఫారం, దాని సూచనలు చదివాను. మాకు కావాల్సింది దాంట్లో మూడు లైన్లు. 14ఏలో ఖాతాలోంచి తీసినది, 1,840. 15లో వైద్యానికి అయినది, 1,840. 16లో పన్ను పడాల్సినది, సున్నా. ఈ మూడు అంకెల కోసం మూడు వారాలు నిద్ర లేదు. డెంటిస్టు బిల్లులు, కళ్లజోడు రసీదు వెతికి దగ్గర పెట్టుకున్నాను. ఫారంతో రసీదులు పంపాల్సిన పని లేదు, అడిగితే చూపించేట్టు ఉంటే చాలు. ఒప్పుకోవడం లేదన్న గడిలో టిక్కు పెట్టి, ఫారం, అరపేజీ వివరణ జతచేసి పంపాను. జూలై మొదట్లో కేసు మూసేశామని ఉత్తరం వచ్చింది.

ఆ ఫారం నింపుతూండగానే మొదటి భాగం చదివి గుండె జారింది. హెచ్‌ఎస్‌ఏలో ఏడాదికి ఇంత అని పరిమితి ఉంటుంది, కుటుంబానికి 2023లో 7,750 డాలర్లు. నాకు ఆ తరహా ఇన్సూరెన్స్ ఉన్నది మే దాకానే. కొత్త కంపెనీది మామూలు ప్లాన్. అలాంటప్పుడు నెలల లెక్కన చూసుకోవాలి, పన్నెండులో అయిదు వంతులు, 3,229. నేనూ కంపెనీ కలిసి వేసింది 2,500, బతికిపోయాను. జనవరిలోనే ఏడాదికి సరిపడా వేసేసి వేసవిలో ఉద్యోగం మారినవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి. ఎక్కువైనది గడువులోగా వెనక్కి తీయకపోతే ఏటా 6 శాతం చొప్పున పడుతూనే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా చూశాను. జీతంలోంచి కోసి వేసినా సరే, డబ్ల్యూ-2లో (ఏడాది జీతం, పన్ను లెక్కతో కంపెనీ ఇచ్చే కాగితం) పన్నెండో గడిలో 'డబ్ల్యూ' అక్షరం పక్కన వచ్చే సొమ్ము యజమాని వేసిన కిందికే వస్తుంది. అది నేను వేసుకున్నదే కదా అని మళ్లీ మన చేత్తో కట్టినట్టు రాస్తే ఒకే డబ్బుకి రెండుసార్లు మినహాయింపు తీసుకున్నట్టవుతుంది. అసలు ఆ అక్షరం నా డబ్ల్యూ-2 మీద ఉన్నప్పుడే 8889 పెట్టాలని మా ట్యాక్స్ ఆయనకి తెలిసి ఉండాలి.

ఆయన సంగతి ఇంకొకటి. ఈ గొడవలో రిటర్ను కాపీ తీసి చూస్తే, తయారు చేసినవారి సంతకం ఉండాల్సిన చోట 'స్వయంగా తయారు చేసుకున్నది' అని ఉంది. డబ్బు తీసుకుని రిటర్ను చేసేవాళ్లు తమ పీటిన్ (పన్నుల శాఖ ప్రిపేరర్లకి ఇచ్చే) నంబరు వేసి సంతకం పెట్టాలి. పెట్టనివాళ్లని ఇక్కడ దెయ్యం ప్రిపేరర్లు అంటారు. ఏడేళ్లుగా దెయ్యం చేతి టీ తాగుతున్నామని మాకు తెలీదు.

న్యూజెర్సీ వాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎస్‌ఏకి ఇచ్చే మినహాయింపుని మా రాష్ట్రం గుర్తించదు, కాలిఫోర్నియా కూడా అంతే. అందుకని డబ్ల్యూ-2లో రాష్ట్రం జీతం గడిలో ఉన్న అంకె, ఒకటో గడిలో ఉన్న దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కంపెనీ తప్పు వేసిందని కొందరు హెచ్‌ఆర్‌తో పోట్లాడుతుంటారు. తప్పు కాదు. డాలస్‌లో ఉండే మా తమ్ముడు దీనికి నవ్వుతాడు, టెక్సస్‌లో రాష్ట్రం ఆదాయపు పన్నే లేదు.

నవ్వినవాడికీ వచ్చింది ఒక చిక్కు. వాడు 2024 సెప్టెంబరులో కంపెనీ మారాడు. 401(కె)లో ఆ ఏడు మన జీతంలోంచి వేయగలిగేది 23,000. పాత చోట 17,000 వేసి, కొత్త చోట ఉత్సాహంగా 8,200 వేశాడు. పరిమితి మనిషికి గాని కంపెనీకి కాదు. కొత్త కంపెనీకి పాత కంపెనీలో ఎంత వేశాడో తెలీదు, మనం చెబితే తప్ప. నా కవరు చూసి భయపడి రెండు డబ్ల్యూ-2లూ పక్కపక్కన పెట్టి 401(కె)లో వేసినది చూపించే 'డి' అక్షరం దగ్గర అంకెలు కూడితే 25,200 తేలింది. ఏప్రిల్ 15 లోగా ఆ 2,200 వెనక్కి ఇమ్మని కొత్త ప్లాన్‌కి రాసి తెప్పించుకున్నాడు. ఊరుకుంటే అదే డబ్బుకి ఇప్పుడోసారి, రిటైరయ్యి తీసుకున్నప్పుడు ఇంకోసారి పన్ను కట్టేవాడు. నా 772 డాలర్ల భయం ఆ రకంగా వాడికి పనికొచ్చింది. 'అక్కా, నీ కర్మ నాకు కలిసొచ్చింది' అన్నాడు.

ఇక ఇండియాకి తిరిగొచ్చేసిన వాళ్లు. మీ పాఠకుల్లో వీళ్లే ఎక్కువమంది ఉంటారు. మా పాత పక్కింటావిడ విశాఖపట్నం వెళ్లిపోయింది. ఆవిడ పేరుతో 1099లు రెండేళ్లు మా అపార్టుమెంట్లకే వచ్చాయి, మేనేజరు నా చేతికిచ్చేవాడు, నేను ఫొటో తీసి పంపేదాన్ని. వెళ్లేముందు అన్నీ చేశారు, వీడ్కోలు భోజనాలు చేశారు, కారు అమ్మారు, అడ్రసు మార్చలేదు. ఇండియాలో పన్ను లెక్కన పూర్తి రెసిడెంటు ('ఆర్డినరిలీ రెసిడెంట్') అయ్యాక అక్కడి రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏలో ఈ అమెరికా ఖాతాలన్నీ చూపించాలి. చేతికి రాని 401(కె) రాబడి మీద ఇండియాలో ఏటా పన్ను పడకుండా, తీసుకున్నప్పుడే పడేలా 2021లో 89ఏ అనే సెక్షన్ తెచ్చారు. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకి అది వర్తించేట్టు చేశారు. కాని అది దానంతటది రాదు, దానికో ఫారం గడువులోగా వేసి అడగాలి. ఆవిడకి చెబితే 'తీసుకోని డబ్బుకి ఫారం ఏమిటి' అంది. మా ట్యాక్స్ ఆయన మాటే, ఊరు మారింది.

సంపాదకులు గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. జనవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ 15 దాకా వారానికి ఒక చిన్న బాక్సు, తెలుగులో. ఒక వారం 1099-ఆర్ ఎలా ఉంటుందో బొమ్మ వేసి, ఏడో గడి చుట్టూ సున్నా చుట్టండి. ఇంకో వారం 1099-ఎస్ఏ. మే నెలాఖరులో హెచ్‌ఎస్‌ఏలో ఎంత వేశామో చెప్పే 5498-ఎస్ఏ అని ఒకటొస్తుంది, రిటర్ను వేసేశాక వస్తుంది, దాన్ని చూసి మళ్లీ కంగారు పడక్కర్లేదు, దాచుకుంటే చాలు అని కూడా ఒకసారి వేయండి. ఇంగ్లిషులో ఇవన్నీ దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి, నేనూ చివరికి ఇంగ్లిషులోనే చదువుకున్నాను. కాని కవరు వచ్చిన రాత్రి మనం మొదట ఫోన్ చేసేది తెలుగువాళ్లకే, వాళ్లు చెప్పేది తెలుగులోనే, ఆ తొమ్మిది తప్పు జవాబులూ తెలుగులోనే వచ్చాయి. ఇంకోటి, ఈ ఏడు ఉద్యోగం మారినవాళ్లు ఈ ఆదివారం అరగంట కూర్చుని హెచ్‌ఎస్‌ఏ, 401(కె) ఖాతాల్లో ఆఫీసు మెయిల్ తీసేసి సొంత మెయిల్ పెట్టుకోమని నా మాటగా వేయండి. నేను ఆ పని 47 నిమిషాలు ఫోన్లో వేచి ఉండి, నా ఉనికిని నేనే రుజువు చేసుకుని చేయాల్సి వచ్చింది.

పోయిన శ్రావణంలో వ్రతం రోజున అత్తయ్యగారు తణుకు నుంచి వీడియో కాల్ చేశారు. ఈసారి చెక్కేమీ రాలేదా, కలశం దగ్గర ఏం పెట్టావని అడిగారు. ఐఆర్‌ఎస్ వాళ్లు కేసు మూసేసిన ఉత్తరం పెట్టానని ఫోన్ అటు తిప్పి చూపించాను. బొట్టు పెట్టావా అన్నారు. పెట్టాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ
(పేరు వేయవద్దని మనవి. ట్యాక్స్ ఆయన కూడా మీ పత్రికే చదువుతాడు.)